కెకూ గాంధీ గ్యాలరీ మెట్లెక్కిన రోజులు

కెకూ గాంధీ పోయారన్న వార్త 2012 నవంబరులో పేపర్లో చదివాను. అప్పటికి ఆయనకి 92 ఏళ్ళు. ఆ రోజంతా నేను అదోలా ఉండటం చూసి ఇంట్లోవాళ్ళు, "ఏ గాంధీ? మనకి తెలిసినవాళ్ళా?" అని అడిగారు. "బొంబాయిలో పటాలు కట్టే కంపెనీ ఆయన" అన్నాను. సాయంత్రం తీరిగ్గా కూర్చుని మిగతా కథంతా చెప్పాను. హుసేన్, రజా, ఆరా లాంటి చిత్రకారుల బొమ్మలు కొనే మాట అటుంచి, చూసే నాథుడే లేని రోజుల్లో, వాటిని తన షాపు అద్దాల వెనక పెట్టి ఊరికి చూపించిన మనిషి ఆయన.

నేను ఆయనతో కూర్చుని మాట్లాడినవాణ్ణి కాదు. ఆయన గ్యాలరీకి ఏళ్ళ తరబడి వెళ్ళొచ్చిన మామూలు ఉద్యోగస్తుణ్ణి. ఒకసారి మెట్ల మీద ఎదురైతే నమస్కారం పెట్టాను. ఆయనా నవ్వి, తల ఊపి దిగిపోయారు. మా పరిచయం అంతే. అయినా ఆయన్ని తలుచుకుంటే సొంత మనిషిలాగే అనిపిస్తుంది. దానికి కారణం మా నాన్న.

మాది రాజమండ్రి. నాన్నకి పటాలు కట్టే కొట్టు ఉండేది. పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, సత్యనారాయణ స్వామి, లక్ష్మీదేవి, వెంకటేశ్వర స్వామి. దసరా ముందు రాత్రి పన్నెండు దాకా పని. నేను బడి నుంచి వచ్చి మేకులు అందించేవాణ్ణి, వెనక అట్టకి కాగితం అంటించేవాణ్ణి. చెక్కపట్టీని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో కొసనీ 45 డిగ్రీల వాటం మీద కోసి, మూలలు కలపాలి. చూడ్డానికి తేలిక. నాలుగో మూల దగ్గరే పనివాడి సంగతి బయటపడుతుంది. మొదటి మూడింట్లో దొర్లిన తేడా అంతా అక్కడికొచ్చి చేరుతుంది. "మూలలో వెంట్రుక పట్టకూడదురా" అనేవాడు నాన్న. కొత్త పటం చేతికిస్తే ఇప్పటికీ ముందు నాలుగో మూలే చూస్తాను.

బొమ్మల మీద ఇష్టం కలగడానికి మా ఊళ్ళో ఇంకో దారి కూడా ఉంది, చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ. ఆయన మా ఊరి నుంచే బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళి చదువుకుని వచ్చారు. 1925లో మశూచి సోకి, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండానే పోయారు. ఆ గ్యాలరీకి మమ్మల్ని డ్రాయింగు మాస్టారు తీసుకెళ్ళేవారు. అందుకని నాకు బొంబాయిలో ఉద్యోగం వచ్చిందనగానే, దామెర్ల చదివిన ఊరు కదా అని మాస్టారు నాకంటే ఎక్కువ సంబరపడ్డారు.

1978లో బొంబాయి చేరాను. ఫోర్టులో ఒక ఆఫీసు, అకౌంట్సు పని. దాదర్‌లో మన తెలుగువాళ్ళతో కలిసి ఉండేవాణ్ణి. మధ్యాహ్నం భోజనం విరామంలో కాళ్ళు సాగదీయడానికి కాలాఘోడా వైపు నడిచేవాణ్ణి. ఆ పేరు తెచ్చిన నల్లగుర్రం విగ్రహాన్ని అప్పటికే అక్కణ్ణుంచి తీసేశారు, పేరు మాత్రం ఉండిపోయింది. అక్కడే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. 1952లో సర్ కావస్జీ జహంగీర్ ఇచ్చిన డబ్బుతో కట్టారు. ఆ గ్యాలరీ రావడానికి వెంటపడ్డవాళ్ళలో కెకూ గాంధీ కూడా ఒకరు. టికెట్టు లేదు, చల్లగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. పక్కనే పొడుగ్గా వసారాలా ఉండే సమోవర్ కేఫ్. చేతిలో డబ్బులున్న రోజున అక్కడ టీ. లేని రోజున బొమ్మలు చూసుకుని ఆఫీసుకి వెళ్ళిపోవడం.

మేడ మీద ఇంకో చిన్న గ్యాలరీ ఉందని కొన్నాళ్ళకి గానీ తెలియలేదు. పేరు గ్యాలరీ కెమోల్డ్. మెట్లెక్కి లోపలికి వెళ్తే, ఇరుకైన జాగాలో గోడలకి నాలుగైదు కాన్వాసులు. నా చూపు ముందు ఫ్రేముల మీదికి పోయింది. మా కొట్లో పటమంటే బంగారు రంగు పూసిన పువ్వుల పట్టీ, లోపల అద్దం. ఇక్కడ సన్నటి చెక్కపట్టీ, అదీ మెరుపు లేకుండా ఉంది. నూనె రంగుల బొమ్మలకి అద్దమే లేదు. ఫ్రేము ఎక్కడా బొమ్మతో పోటీపడటం లేదు. ఇది ఎవరో పనితనం తెలిసినవాడు పెట్టుకున్న గ్యాలరీ అనుకున్నాను. తర్వాత అక్కడా ఇక్కడా అడిగితే, చదివితే తెలిసింది, ఈ గ్యాలరీ పుట్టిందే పటాల వ్యాపారంలో అని!

కెకూ గాంధీ పార్సీ. 1920లో బొంబాయిలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పడింది, చదువు మధ్యలో ఆగిపోయింది. బొంబాయిలో రోజర్ వాన్ డామ్ అనే బెల్జియం ఆయనతో పరిచయమైంది. ఆ పరిచయంలోంచే ఫ్రేముల పట్టీలు తయారుచేసే వ్యాపారం మొదలైంది. కెమికల్ మోల్డింగ్ అన్న మాటల్ని కలిపి కెమోల్డ్ అని పేరు పెట్టారు. అది 1941. ఆయనకి అప్పుడు ఇరవయ్యొక్కేళ్ళు. బొమ్మల గురించి చదువుకున్నవాడు కాదు, చిత్రకారుల కుటుంబమూ కాదు. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో షోరూము తెరిచారు.

ఫ్రేములు అమ్మేవాడికి ఒక చిక్కుంది. ఖాళీ ఫ్రేముని కిటికీలో పెడితే ఎవరూ ఆగరు. అందులో ఏదో ఒకటి ఉండాలి. మా నాన్న లక్ష్మీదేవిని పెట్టేవాడు. కెకూ గాంధీ ఆరా బొమ్మలు, హెబ్బార్ బొమ్మలు, హుసేన్ బొమ్మలు పెట్టారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఆ రోజుల్లో ఆ కుర్రాళ్ళ బొమ్మలు పెట్టడానికి బొంబాయిలో గ్యాలరీ అన్నదే సరిగ్గా లేదు. ఏడాదికోసారి బాంబే ఆర్ట్ సొసైటీ వారి పెద్ద ప్రదర్శన. అందులో చోటు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అలాంటప్పుడు ట్రాములు తిరిగే వీధిలో, దారినపోయేవాళ్ళందరికీ కనబడే అద్దాల వెనక బొమ్మ పెట్టడమంటే మాటలు కాదు. కొంతమంది ఫ్రేము కోసం వచ్చి బొమ్మ అడిగి ఉంటారు. చాలామంది బొమ్మ తీసేసి ఫ్రేము ఇవ్వమని ఉంటారు. మా కొట్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, రెండోరకం వాళ్ళే ఎక్కువ వస్తారు.

ఆ రోజుల బొంబాయిలో ఇంకో విశేషం ఉంది. హిట్లర్ దెబ్బకి యూరప్ విడిచిపెట్టి వచ్చినవాళ్ళు కొందరు ఆ ఊళ్ళో స్థిరపడ్డారు. వాల్టర్ లాంగ్‌హామర్ ఆస్ట్రియా చిత్రకారుడు, టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆర్ట్ డైరెక్టరు. రూడీ వాన్ లేడన్ జర్మన్, చదివింది భూగర్భ శాస్త్రం, రాసింది చిత్రకళ మీద సమీక్షలు. ఇమాన్యుయెల్ ష్లెసింగర్ వియన్నా నుంచి వచ్చి మందుల వ్యాపారం పెట్టుకున్నాయన, బొమ్మలు కొనేవాడు. లాంగ్‌హామర్ ఇంట్లో ఆదివారాలు కుర్ర చిత్రకారులు చేరేవారు. పికాసో, సెజాన్ బొమ్మల ముద్రణలు చూసేవారు, వాదించుకునేవారు. ఒకరు నేర్పారు, ఒకరు రాశారు, ఒకరు కొన్నారు. ఆ బొమ్మల్ని వీధిలో నడిచేవాళ్ళ కంటపడేలా చేసే పని మాత్రం ఈ పటాల షాపు కుర్రాడి చేతికొచ్చింది.

1947లో సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, శిల్పి బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టుకున్నారు. రెండేళ్ళకే సూజా లండన్ వెళ్ళిపోయాడు, ఆ మరుసటి ఏడాది రజా పారిస్ వెళ్ళాడు. గ్రూపు నిలిచింది కొద్దికాలమే అయినా, తర్వాత యాభై ఏళ్ళ భారతీయ చిత్రకళ దాని నీడలోనే నడిచింది.

వీళ్ళందరిలో ఆరా దగ్గర కాస్త ఆగాలి. కృష్ణాజీ హౌలాజీ ఆరా 1914లో సికింద్రాబాదు పక్క బొల్లారంలో పుట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చిన్నపిల్లాడుగా ఉండగానే బొంబాయి పారిపోయి, కార్లు కడుగుతూ, ఇళ్ళల్లో పనిచేస్తూ పెరిగాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకీ వెళ్ళాడు. పూలకుండీలు, పళ్ళు, కూజాలు వేసేవాడు. ఆయన పూలల్లో సుకుమారం వెతక్కండి. బలంగా, దట్టంగా, నేలలోంచి అప్పుడే తన్నుకొచ్చినట్టు ఉంటాయి. పెద్దయ్యాక ఆర్టిస్ట్స్ సెంటర్ చూసుకుంటూ ఎందరో కుర్ర చిత్రకారులకి ఆసరా అయ్యాడు. 1985లో పోయాడు. ఆయన బతికుండగా నేను ఆ చుట్టుపక్కలే తిరిగాను. ఆ సెంటర్ ఉన్న రాంపార్ట్ రో మా ఆఫీసుకి నాలుగడుగుల దూరం. బొల్లారం ఆయన అక్కడే ఉన్నాడని అప్పట్లో ఎవరూ చెప్పలేదు నాకు.

గ్యాలరీ కెమోల్డ్‌ని జహంగీర్ మేడ మీద 1963లో తెరిచారు. అంటే ఫ్రేముల షాపు పెట్టిన ఇరవై రెండేళ్ళకి. అన్నాళ్ళూ కిటికీలో జరిగిన పని ఇప్పుడు నాలుగు గోడల మధ్యకి వచ్చింది. కెకూ గారి భార్య ఖోర్షెద్ గాంధీ గ్యాలరీ భారం చాలావరకు తన భుజాన వేసుకున్నారు. ఆయన పేరు చెప్పినప్పుడు ఆవిడ పేరు చెప్పకపోతే అన్యాయం. ఏళ్ళపాటు ఖర్చులు మోసింది ఫ్రేముల వ్యాపారమే. బొమ్మలు అమ్మి బతకడం అప్పట్లో జరిగే పని కాదు. ఫ్రేములు అమ్మి బొమ్మల్ని బతికించారు వాళ్ళు. అకౌంట్సు మనిషిగా నేను ఆ లెక్కని ఎంతో గౌరవంతో చూస్తాను. ఒక ఖాతాలో లాభం వచ్చి ఇంకో ఖాతాలో ఏటా నష్టం వస్తుంటే, మామూలు వ్యాపారి రెండోది మూసేస్తాడు. ఇక్కడ మొదటి ఖాతా నడిచిందే రెండోదాని కోసం!

అసలు అప్పుడు కొనేదెవరు? కొద్దిమంది విదేశీయులు, కొన్ని పార్సీ కుటుంబాలు, ఒకరిద్దరు డాక్టర్లు. తర్వాత్తర్వాత సంస్థలు వచ్చాయి. హోమీ భాభా టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కోసం ఈ కుర్రాళ్ళ బొమ్మలు కొనడం మొదలుపెట్టాడు. అణుశాస్త్రం చదువుకునే చోట గోడలనిండా హుసేన్లు, ఆరాలు, గాయ్‌తోండేలు. ఎయిర్ ఇండియా తన ఆఫీసుల కోసం కొంది. మన హైదరాబాదులో బద్రీ విశాల్ పిత్తీ గారు అమ్మకాల ఊసు లేకుండా హుసేన్‌ని ఇంట్లో పెట్టుకుని రామాయణం వేయించారు. సోషలిస్టు నాయకుడు లోహియా ప్రోద్బలంతో వేసిన ఆ బొమ్మల గురించి వేరే రాయాలి, అదో పెద్ద కథ.

నాకు కెమోల్డ్‌లో బాగా దగ్గరైన చిత్రకారుడు భూపేన్ ఖఖర్. ఎందుకో చెబితే నవ్వుకోకండి, ఆయన చార్టర్డ్ అకౌంటెంట్! బరోడాలో ఫ్యాక్టరీ లెక్కలు చూసుకుంటూ బొమ్మలు వేసేవాడు. 1965లో బొంబాయిలో ఆయన మొదటి ప్రదర్శన. దేవుడి పటాల కాగితాలు కత్తిరించి, అతికించి, వాటిమీద రంగులు వేసిన బొమ్మలు అవి. నేను చూడలేదు, చిన్నపిల్లాణ్ణి. కానీ దాని గురించి చదివిన రోజున మా కొట్టంతా కళ్ళముందు కదిలింది. రవివర్మ 1894లో బొంబాయిలోనే ముద్రణాలయం పెట్టి అచ్చువేయించిన లక్ష్ములూ సరస్వతులే కదా మా నాన్నలాంటి వేలమందికి అన్నం పెట్టింది. పటాల షాపుల్లో వేలాడే ఆ దేవుళ్ళని ఖఖర్ కాన్వాసు మీదికి తెస్తే, వాటిని గుర్తించి పట్టుకున్నదీ పటాల షాపు మనిషే. 1972 ప్రాంతాల్లో ఖఖర్ వాచీలు బాగుచేసేవాణ్ణి, దర్జీని, మంగలిని వేశాడు. పెద్ద కాన్వాసు నిండా ఒక చిన్న దుకాణం, అందులో ఒంటరిగా ఒక మనిషి. ఆ రంగులు మనవి. గోడలకి వేసే ఆకుపచ్చ, రిక్షా నీలం, గుమ్మాల పసుపు. అవి చూస్తున్నప్పుడు ఆధునిక చిత్రకళ అర్థం కాదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మన వీధి మనకి అర్థం కాకపోవడమేంటి?

ఒక ఏడాది నాన్న బొంబాయి వచ్చాడు. గేట్‌వే, మహాలక్ష్మి గుడి, చౌపాటీ అయ్యాక, నేను మధ్యాహ్నాలు ఎక్కడికి పోతుంటానో చూపిద్దామని కెమోల్డ్‌కి తీసుకెళ్ళాను. లోపలికి రాగానే నాన్న బొమ్మ వైపు చూడనే లేదు. సూటిగా గోడ దగ్గరికి వెళ్ళి, ఫ్రేము మూల మీద బొటనవేలు పెట్టి రాశాడు. నాకు టెన్షన్, ముట్టుకుంటే ఏమంటారో అని. అక్కడున్న పెద్దాయన ఒకాయన చూసి దగ్గరికొచ్చాడు. కోప్పడతాడనుకుంటే, "మీదీ ఇదే పనా?" అని హిందీలో అడిగాడు. నాన్నకి హిందీ అంతంత మాత్రం. నేను మధ్యలో ఉండి అటూ ఇటూ మాటలు చేరవేశాను. టేకు ఎన్నాళ్ళు ఆరితే వంగదు, వానాకాలంలో జిగురు ఎందుకు పట్టదు, సముద్రపు గాలికి మేకులు ఎలా తుప్పుపడతాయి. గోదావరి చెమ్మకీ అరేబియా సముద్రం ఉప్పుగాలికీ తేడా ఏంటో తేల్చుకునేసరికి నా భోజనం విరామం అయిపోయింది.

ఆ తర్వాతే నాన్న బొమ్మలు చూశాడు. ఒకదాని ముందు చాలాసేపు నిలబడిపోయాడు. ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి బొమ్మ, వేసినవారి పేరు ఇప్పుడు గుర్తులేదు. ముక్కూ మొహం సరిగ్గా లేవు, కాళ్ళు మరీ పొడుగు. నాన్న ఏమంటాడో అని చూస్తున్నాను. "వీడెవరికోసమో కాచుక్కూర్చున్నాడ్రా. వాళ్ళు రారు" అన్నాడు.

మెట్లు దిగుతూ కెకూ గాంధీ గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. పటాల షాపుతో మొదలుపెట్టి ఇంతదూరం వచ్చాడంటే నాన్నకి ఏమీ ఆశ్చర్యం కలగలేదు. "బొమ్మ వేసినాయన చేతిలోంచి ముందు మన దగ్గరికే కదా వచ్చేది. ఊరికన్నా ముందు చూసేది మనమే. మంచిదో కాదో మనకి తెలీదూ?" అన్నాడు. నలభై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి మాట అది. చిత్రకళ మీద తర్వాత నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

ఆయన ఊరెళ్ళాక ఒక కార్డు రాశాడు. మా డ్రాయింగు మాస్టారి నీటిరంగుల బొమ్మ ఒకటి, గోదావరి మీద పడవలది, మా కొట్టు ముందుభాగంలో దేవుడి పటాల మధ్య పెట్టాడట. సన్నటి పట్టీతో, రంగు పూయకుండా కట్టాడట. వచ్చినవాళ్ళు ఇదేంటని అడుగుతున్నారని రాశాడు. కొన్నాళ్ళకి ఒక డాక్టరు గారు దాన్ని కొనుక్కెళ్ళారు. మాస్టారి బొమ్మ డబ్బుకి అమ్ముడవడం అదే మొదలు. మాస్టారు ఆ డబ్బుతో కొత్త కుంచెలు తెప్పించుకున్నారని కూడా నాన్నే రాశాడు. ఆ తర్వాత కొట్లో ఎప్పుడూ మాస్టారిదో, ఆయన శిష్యులదో ఒక బొమ్మ ఉండేది. ఈ సంగతి కెకూ గాంధీ గారికి చేరవేయాలని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ఆయన మెట్ల మీద ఎదురైన రోజున నోరు పెగల్లేదు.

1975లో కెమోల్డ్ వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మాషే బొమ్మల్ని ప్రదర్శించింది. అప్పటి ఠాణే జిల్లా ఆదివాసీ పల్లెల్లో పెళ్ళిళ్ళప్పుడు ఆడవాళ్ళు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు. మాషే వాటిని పెళ్ళి పందిరి నుంచి దాటించి, రోజూ వేసే కళగా మార్చుకున్నాడు. అతని గురించి బయటి ప్రపంచానికి చెప్పింది చిత్రకారుడు భాస్కర్ కులకర్ణి. ఆధునికులు వేలాడే గోడ మీద అతన్నీ వేలాడదీయడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. జానపదం అని వేరే గదిలోకి తోసేయలేదు.

గ్యాలరీ బయట కూడా ఆయన చేసిన పనులున్నాయి. బొంబాయికి ప్రభుత్వ ఆధునిక కళా గ్యాలరీ కావాలని శిల్పి పిలూ పోచ్‌ఖానావాలాతో పాటు ఏళ్ళ తరబడి తిరిగారు. కావస్జీ జహంగీర్ హాలులో అది 1996లో తెరుచుకుంది. అప్పటికి పిలూ లేరు. 1992-93 అల్లర్ల తర్వాత భార్యాభర్తలిద్దరూ శాంతి పనుల్లో తిరిగారు. ఆ నెలల్లో బొంబాయిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ పనికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. మా లోకల్ రైళ్ళలో మనిషి మనిషి మొహంలోకి చూడటం మానేసిన రోజులవి.

తర్వాత డబ్బు వచ్చింది. 2002లో చిత్రకారుడు తయబ్ మెహతా మూడు పలకల బొమ్మ న్యూయార్క్ వేలంలో కోటిన్నర రూపాయలు పలికింది. 2005లో ఆయనదే మహిషాసురుడి బొమ్మ పదిలక్షల డాలర్లు దాటింది. ఆధునిక భారతీయ చిత్రకళ గురించి ఎన్నడూ మాట్లాడని మా ఆఫీసువాళ్ళు కూడా హుసేన్ ధర ఎంత, సూజా ధర ఎంత అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు ఆ మాటలు నచ్చేవి కావు. ధర పెరిగాక ఇష్టపడటం ఎవరికైనా చేతనవును. 1940ల్లో ప్రిన్సెస్ స్ట్రీట్ కిటికీలో ఆరా పూలకుండీ చూసి ఆగినవాడు ఉన్నాడే, వాడి చూపు వేరు. అలా ఆగే వీలు కల్పించినాయన చూపు ఇంకా వేరు. వేలం పుస్తకాల్లో ఇప్పుడు బొమ్మ కింద అది ఎవరెవరి చేతులు మారిందో రాస్తారు. అందులో గ్యాలరీ కెమోల్డ్, బొంబాయి అని కనబడితే చాలు, కొనేవాళ్ళకి ధైర్యం. ఆ నమ్మకాన్ని సంపాదించడానికి ఒక మనిషి జీవితకాలం పట్టింది.

1988 నుంచి గ్యాలరీని వాళ్ళ అమ్మాయి షిరీన్ గాంధీ చూసుకుంటున్నారు. 2007లో జహంగీర్ మేడ మీది ఆ ఇరుకు చోటు వదిలి, ఫోర్టులోనే ప్రెస్కాట్ రోడ్డులో ఒక పాత భవనం మూడో అంతస్తుకి మారారు. ఎత్తయిన గోడలు, కావలసినంత జాగా. ఇప్పటి చిత్రకారులు వేసే పెద్ద పెద్ద పనులకి అలాంటి చోటే కావాలి, నిజమే. నాకు మాత్రం ఆ పాత మెట్లే ఇష్టం. 2009లో కెకూ గారికి పద్మశ్రీ ఇచ్చారు. ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో వచ్చింది. మరీ ఆలస్యమని నా అభిప్రాయం. ఆయన పోయిన ఏడాదికల్లా ఖోర్షెద్ గారూ వెళ్ళిపోయారు.

రిటైరయ్యాక మేం హైదరాబాదు వచ్చేశాం. మా ఇంటి నుంచి బొల్లారం పెద్ద దూరం కాదు. ఆ స్టేషను మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆరా గుర్తొస్తాడు. ఇక్కడ మాదాపూర్‌లో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది, మంచి గోడలున్నాయి. ఆరా బొమ్మలు జాతీయ ఆధునిక కళా గ్యాలరీ దగ్గరున్నాయి, టాటా ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్నాయి. వాటిని కొన్ని వారాల పాటు తెప్పించి, ఆయన పుట్టిన ఊరివాళ్ళకి చూపించమని అడుగుతూ ఒక ఉత్తరం తయారుచేస్తున్నాను. ఎవరికి రాయాలో, ఎలా రాయాలో తెలిసిన చిత్రకారులు ఇద్దరు సాయం చేస్తామన్నారు. బొల్లారం బడిపిల్లల్ని ఉచితంగా తీసుకురావాలని కూడా అందులో రాశాను. ఆరా పూలకుండీల్ని చూడటానికి పిల్లలకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, దగ్గరికి వెళ్ళనిస్తే చాలు.